కలప తోట కోతలో అగ్ని జాగ్రత్తలు – నరికించువారి విధులు

వరి కోతల నాడు రైతు ఆకాశము వంక చూచును. కలప తోట నరికించు నాడు చూడవలసినది నేల వంక. నేలపై పరచుకొనిన ఎండుటాకు, విరిగిన రెమ్మలు, ఊడిపడిన బెరడు ఒక్క బీడీ ముక్క తగిలిన చాలును, అంటుకొనును. వానకు తడిసిన వరి పనలను ఆరబెట్టి కొంతైనను దక్కించుకొనవచ్చును. సరుగుడు తోట కాలినచో నాలుగైదు ఏండ్ల పెంపకము ఒక్క మధ్యాహ్నములో పోవును.

తీరపు ఇసుక నేలలలో సరుగుడును, మెట్ట ప్రాంతములలో జామాయిల్, సుబాబుల్ తోటలను మన రైతులు విరివిగా పెంచుచున్నారు. కాగితపు మిల్లులకు, కట్టడపు పనులకు, వంటచెరకునకు ఈ కలప పోవుచున్నది. చాలమంది రైతులు తోటను నిలువుగానే గుత్తదారునకు అమ్మివేయుదురు. గుత్తదారు మేస్త్రీకి అప్పగించును. మేస్త్రీ కూలీల ముఠాను తెచ్చును. నిప్పు సంగతి వచ్చుసరికి గుత్తదారు చూచుకొనునని రైతు, మేస్త్రీ చూచుకొనునని గుత్తదారు, కూలీలే చూచుకొందురని మేస్త్రీ అనుకొందురు. పది మంది చేతిలో పాము చావదన్నట్లు, అందరి పని ఎవరి పనియు కాకుండ పోవును.

కావున ఈ వ్యాసములో ముఖ్యముగా చెప్పదలచినది ఒక్క విషయము. గొడ్డలి వేయకముందే నిప్పు కావలికి ఒక మనిషిని పేరు పెట్టి నియమింపవలెను. ఆ మనిషి పని జరుగునంతసేపు మాత్రమే కాక, పని ముగిసి అందరు వెళ్ళిన తరువాత కూడ తోటలో ఉండవలెను. మిగిలిన జాగ్రత్తలన్నియు దీనికి తోడు నిలుచునవే.

కోత సమయములోనే ప్రమాదమేల?

మంట పుట్టుటకు మూడు వస్తువులు కావలెను: కాలు పదార్థము, వేడి, గాలి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకున్నను మంట నిలువదు. నిలిచి యున్న తోటలో నీడ యుండును, నేల కొంత చల్లగా నుండును, గాలి లోపలికి అంతగా చొరబడదు. నరుకుడు మొదలు కాగానే ఈ స్థితి మారిపోవును. నీడ పోయి ఎండ నేలను తాకును. అడ్డు తొలగి గాలి వీచును. తలలు, కొమ్మలు, రెమ్మలు నేలపై పడి కొద్ది దినములలోనే పెళపెళలాడు నట్లు ఎండిపోవును. ఇక మిగిలినది నిప్పు మాత్రమే. అది మనుష్యుల వెంట వచ్చును. వంట పొయ్యి, బీడీ, యంత్ర రంపము, ట్రాక్టరు పొగగొట్టము – ఇవన్నియు కోతతోనే తోటలో అడుగుపెట్టును.

చెట్టు జాతిని బట్టి ప్రమాదము కొంత మారును. సరుగుడు తోటలో సన్నని రాలుటాకు పరుపు వలె నేలను కప్పి యుండును. దీనిలో పడిన నిప్పు పైకి మంట కనబడకుండ లోలోపల ప్రాకుచుండును. సరుగుడు మొదలు నుండి పిలకలు సరిగా రావు. ఆ చెట్టు నిప్పును ఓర్చుకొనలేదు. ప్రక్క మడిలోని నిలువు చెట్లకు సెగ తగిలినను చాల వరకు చచ్చిపోవును.

జామాయిల్ ఆకులో నూనె యుండును గనుక ఎండుటాకు వేగముగా మండును. అయితే ఈ చెట్టు మొదలు నుండి మరల చిగిర్చి రెండవ కోత నిచ్చును. సుబాబుల్ కూడ అట్టిదే. కొమ్మల కుప్ప మొదలుపై నుండగా నిప్పంటినచో మొదలు చుట్టు గల బెరడు కాలి, దానిలోని మొగ్గలు చచ్చిపోవును. అనగా నేటి కలపతో పాటు ముందు రానున్న కోత కూడ పోవును. రైతు ఖర్చు లేకుండ పొందవలసిన పంట అది.

ఒక పెద్ద గుణపాఠము

పని ఆపవలసిన వేళ ఆపకపోవుట, పని తరువాత కనిపెట్టకపోవుట ఎంతటి చేటు తెచ్చునో తెలియుటకు కలప కోతకు పేరుపొందిన ఒక దేశము సంగతి చెప్పుకొనవచ్చును. అమెరికా పశ్చిమ తీరమున ఒరెగాన్ రాష్ట్రము కలదు. అక్కడ గేల్స్ క్రీక్ అను వాగు లోయలో 1933 ఆగస్టు 14న కలప నరుకుచుండిరి. అది మండు వేసవి. గాలిలో తేమ బాగుగా తగ్గిపోయినది. ప్రమాదము గుర్తించి పని ఆపవలసినదిగా కబురు వచ్చినదని, ఇంకొక్క దుంగ లాగి ఆపుదమని పని సాగించిరని చెప్పుకొందురు. లాగుచున్న దుంగ ఎండిన మ్రానుకు ఒరసికొని ఆ రాపిడికి నిప్పు పుట్టెను.

మొదటి పది దినములలో ఆ మంట సుమారు 40 వేల ఎకరములు కాల్చెను. అది అదుపులోనికి వచ్చునని ఆశించుచుండగా ఆగస్టు 24న తూర్పు గాలి బలముగా వీచెను. ఒక్క దినము గడువకముందే ఇంచుమించు 2 లక్షల ఎకరముల అడవి కాలిపోయెను. సెప్టెంబరు మొదటి వారములో వాన కురిసిన తరువాతనే మంట ఆరినది. మొత్తము సుమారు 2 లక్షల 40 వేల ఎకరములు బూడిద ఆయెను. దీనిని టిల్లమూక్ అగ్నికాండ అందురు. కథ అంతటితో ముగియలేదు. ఎండి నిలిచిన మ్రానులు 1939లోను, 1945లోను, 1951లోను మరల అంటుకొనెను. ఆ నేలపై తిరిగి అడవి పెంచుటకు 1949 నుండి 1973 వరకు ప్రజలు, బడి పిల్లలు, ఖైదీలు కూడ మొక్కలు నాటిరి. నాటిన మొక్కలు 7 కోట్లకు పైబడినవి.

నేడు ఆ రాష్ట్రములో అగ్ని కాలము ప్రకటింపబడిన తరువాత కలప నరికించువాడు పాటింపవలసిన విధులు చట్టములో వ్రాయబడి యున్నవి. పని స్థలమున నీరు, పనిముట్లు ఉండవలెను. ప్రమాదపు వేళలలో యంత్రములను ఆపవలెను. పని ఆగిన తరువాత నిర్ణీత కాలము వరకు కావలి మనిషి ఉండవలెను. మంట పుట్టినచో ఆర్పుటకు తన మనుష్యులను, యంత్రములను వెంటనే పెట్టవలెను. మన తోటలు ఆ అడవులంత పెద్దవి కావు. కాని రెండెకరముల తోట గల రైతునకు ఆ రెండెకరములే సర్వస్వము. విధులు మాత్రము రెండు చోట్ల ఒక్కటే.

కోతకు ముందు చేయవలసిన పనులు

ఇల్లు కాలుచుండగా నుయ్యి త్రవ్వుట పనికిరాదు. గొడ్డలి వేయుటకు వారము ముందుగానే ఈ క్రింది ఏర్పాట్లు జరుగవలెను.

1. ఒప్పందపు కాగితము: తోటను గుత్తకు ఇచ్చునప్పుడు ధర, గడువులతో పాటు నిప్పు సంగతిని కూడ వ్రాసికొనవలెను. కావలి మనిషి పేరు, అతని కూలి ఎవరు ఇచ్చునది, నీటి పీపాలు ఎవరు తెచ్చునది, వంట ఎక్కడ చేయవలెను, గుత్తదారు మనుష్యుల వలన ప్రక్క తోటకు నష్టము కలిగినచో ఎవరు భరింపవలెను – ఈ ఐదు విషయములు కాగితముపై ఉండవలెను. తగవు వచ్చిన తరువాత నోటిమాటకు విలువ యుండదు.

2. కాలము ఎన్నుకొనుట: ధర, తేమ, దారి వీలు చూచి కోత కాలము నిర్ణయించుట రైతునకు అలవాటు. వీలున్నంత వరకు వానలు ముగిసిన తరువాత సంక్రాంతి లోపుగా కోత పూర్తి చేయించినచో ప్రమాదము చాల తగ్గును. ఫిబ్రవరి నుండి జూన్‌లో తొలకరి పడు వరకు అగ్ని కాలము. ఆ నెలలలో నరికింపక తప్పనిచో క్రింద చెప్పిన జాగ్రత్తలలో ఒక్కటియు విడువరాదు.

3. అగ్ని నిరోధక బాట: తోట చుట్టును కనీసము 4 మీటర్ల వెడల్పున ఆకు, గడ్డి లేకుండ మట్టి కనబడు వరకు చెక్కి శుభ్రము చేయవలెను. ట్రాక్టరు కల్టివేటరుతో రెండు సాళ్ళు దున్నినచో పని సులువగును. నరుకు మడికిని నిలిచియుండు మడికిని మధ్య ఇట్టి బాట తప్పక ఉండవలెను. చెక్కిన చెత్తను తోట వైపు కుప్ప పోయరాదు. బాటను ఒక్కసారి చేసి వదలివేయుట చాలదు. రాలిన ఆకు మరల దానిని కప్పివేయును గనుక వారమున కొక పర్యాయము ఊడ్పింపవలెను.

4. నీరు: 200 లీటర్ల పీపాలు కనీసము రెండు, మూతలతోను బకెట్లతోను పని స్థలమునకు దగ్గరగా ఉంచవలెను. పురుగుమందులు చల్లు వీపు స్ప్రేయరు చిన్న మంటలకు మంచి సాధనము. అయితే దానిని ముందుగా శుభ్రముగా కడిగి మంచి నీటితో నింపి ఉంచవలెను. ఈ నీటిని త్రాగుటకు గాని వంటకు గాని వాడరాదు.

5. పనిముట్లు: ప్రతి పది మంది కూలీలకు రెండు పారలు, రెండు గొడ్డళ్ళు, చెత్త లాగు ఇనుప పళ్ళ కర్ర ఒకటి, తడిపిన గోనె సంచులు నాలుగు ఒక్కచోట పెట్టవలెను. వీటిని ఇతర పనులకు తీసికొనిపోనీయరాదు. ఇసుక నేలలో ఇసుకే మంచి సాధనము. పార నిండ ఇసుక ఒక బకెట్టు నీటికి సాటి.

6. దారి, కబురు: ట్రాక్టరు, అగ్నిమాపక బండి లోపలికి వచ్చుటకు ఒక దారిని ఎల్లప్పుడు ఖాళీగా ఉంచవలెను. కలప దుంగలను ఆ దారిపై పేర్చరాదు. అగ్నిమాపక శాఖ నంబరు 101, అత్యవసర సహాయ నంబరు 112. ఈ నంబర్లను, తోటకు వచ్చు దారి గుర్తులను ఒక అట్టపై వ్రాసి వ్రేలాడదీయవలెను. వేరే ఊరి నుండి వచ్చిన కూలీలకు మీ తోట ఏ గ్రామపు పొలిమేరలో నున్నదో తెలియదు. ఆ కంగారులో చెప్పలేక పోవుదురు. ప్రక్క తోటల వారికి కూడ కోత దినములను ముందుగా తెలియజేయవలెను.

7. కరెంటు తీగలు: తోట మీదుగా గాని అంచున గాని విద్యుత్ తీగలున్నచో, చెట్టు కూలినప్పుడు తీగకు తగిలి నిప్పురవ్వలు రాలును. ప్రాణహాని కూడ జరుగును. అట్టి చెట్లను నరుకు దినమున విద్యుత్ శాఖ వారికి తెలిపి సరఫరా ఆపించిన తరువాతనే గొడ్డలి వేయవలెను.

పని జరుగుచున్నప్పుడు

వంట: దూరపు ఊళ్ళ నుండి వచ్చిన కూలీలు కుటుంబములతో తోటలోనే గుడిసెలు వేసికొందురు. వారు వండుకొనక తప్పదు. వంట చేయవద్దని చెప్పుటకన్న వంటకు తగిన చోటు చూపుటయే మేలు. తోట వెలుపల, ఆకు లేని చోట, చుట్టును 3 మీటర్ల నేల చెక్కించి, పొయ్యి గుంటగా త్రవ్వించి, ప్రక్కన ఒక నీటి పీపా పెట్టించవలెను. గాలి బలముగా వీచు వేళకు ముందే వంట ముగించుట మంచిది. వంట కాగానే నిప్పుపై నీరు పోసి, కలిపి, మరల పోయవలెను. మట్టి కప్పి ఊరుకొనరాదు. నివురు గప్పిన నిప్పు గాలి తగులగానే మేల్కొనును.

బీడీ, చుట్ట: వీటిని పూర్తిగా మాన్పించుట కష్టము. పని స్థలములో త్రాగరాదని, చెక్కిన నేలపై కూర్చుండి త్రాగవలెనని, ముక్కను ఇసుక డబ్బాలో వేయవలెనని నియమము పెట్టవలెను. మేస్త్రీ ఈ నియమమును తాను పాటించినచో కూలీలు పాటింతురు. రైతు తోటలో నడచుచు బీడీ కాల్చినచో ఎవరును పాటింపరు.

యంత్ర రంపము: దీని పొగగొట్టము చాల వేడెక్కును. పొగగొట్టమునకు రవ్వలు ఆపు జాలి ఉండవలెను. రంపపు పొట్టు, నూనె పేరుకొనిన భాగములను ప్రతిదినము తుడువవలెను. పెట్రోలు పోయుటకు ముందు యంత్రమును ఆపి కొన్ని నిముషములు చల్లారనీయవలెను. చెక్కిన నేలపైననే పోయవలెను. పోసిన చోటు నుండి కనీసము 3 మీటర్లు దూరము తీసికొనిపోయి తిరిగి నడుపవలెను. వేడి రంపమును ఎండుటాకుపై పెట్టరాదు. నరికిన మొద్దుపై పెట్టవలెను. పెట్రోలు డబ్బాను నీడలో, వంటకు దూరముగా, మూత బిగించి ఉంచవలెను.

ట్రాక్టరు, లారీ: వేడెక్కిన పొగగొట్టమునకు ఎండుగడ్డి తగిలి అంటుకొనుట కలదు. బండ్లను గడ్డిలో గాని ఆకుపై గాని నిలుపరాదు. ఇంజను క్రింద చిక్కుకొనిన ఆకులు, రెమ్మలను సాయంత్రము తీసివేయవలెను.

కొమ్మలు, రెమ్మలు: అగ్నికి ఆహారము ఇవే. నరికిన దినము నుండియే వంటచెరకునకు పనికివచ్చువాటిని వేరుచేసి తోట వెలుపలికి చేరవేయవలెను. మిగిలిన రెమ్మలను అంచులందు గాని, మొదళ్ళపైన గాని, నిలువు చెట్ల క్రింద గాని కుప్ప వేయరాదు. మడి మధ్యలో పలుచగా పరచి చక్రములతో త్రొక్కించినచో నేలకు అంటుకొని త్వరగా చివికి ఎరువగును. కాల్చివేయుట సులువుగా తోచును. కాని వేసవిలో కాల్చుట ప్రమాదము. కాల్చిన నేల తన సేంద్రియ పదార్థమును కోల్పోవును.

మధ్యాహ్నపు ఆపుదల

వేసవిలో పగలు 11 గంటల నుండి సాయంత్రము 4 గంటల వరకు ఎండ తీవ్రముగాను, గాలిలో తేమ తక్కువగాను ఉండును. యంత్రపు పనిని తెల్లవారుజామున మొదలిడి 11 గంటలకు ఆపివేయుట మంచిది. పరికరములు లేకున్నను రైతు తన చేతితోనే పరీక్షించుకొనవచ్చును. నేలపై నున్న ఎండుటాకును పిడికిట పట్టి నలిపినచో పొడి పొడి యైనను, సన్నని రెమ్మను వంచగానే ఫటుక్కున విరిగినను ఆ దినము ప్రమాదకరమైనది. దానికి తోడు వడగాలి యున్నచో ఆ పూట పని మానవలెను. ఒక పూట కూలి నష్టము, తోట నష్టము రెండును ఒకటి కావు.

తీర ప్రాంతపు రైతులు మరియొక విషయము గమనింపవలెను. వేసవిలో ఉదయము పడమటి గాలి వీచి, మధ్యాహ్నమునకు సముద్రపు గాలి తిరుగుట సామాన్యము. ఉదయము తూర్పునకు పోవుచున్న మంట మధ్యాహ్నము గాలి మారగానే పడమటికి తిరుగును. అప్పటివరకు వెనుకగా నున్న అంచు మంట ముఖమగును. కావున చిన్న మంటను కూడ గాలి మారకముందే ఆర్పివేయవలెను.

పని ముగిసిన తరువాత కావలి

ఇది అన్నిటికంటె ముఖ్యమైన విధి. చాల చోట్ల పాటింపబడనిదియు ఇదియే. నిప్పురవ్వ పడగానే మంట లేవవలెనని లేదు. ఆకు పరుపులోను, కుళ్ళిన మొద్దులోను, ఎండిన వేరులోను అది గంటల కొలది పొగ కూడ సరిగా కనబడకుండ రాజుచుండును. కూలీలు వెళ్ళిపోయిన తరువాత గాలి లేచినప్పుడు మంట అగును. ఊరివారు చూచునప్పటికి చేయి దాటిపోవును. ఎవరి వలన పుట్టినదో కూడ తెలియదు.

అందువలన పని ఆగిన వేళ నుండి కనీసము రెండు గంటలు కావలి మనిషి తోటలో తిరుగుచుండవలెను. ఒక్కచోట కూర్చుండుట కావలి కాదు. ఆ దినమున రంపము నడచిన చోట్లు, బండ్లు నిలిచిన చోట్లు, వంట పొయ్యి, కూలీలు అన్నము తిన్న చోటు – వీటిని వరుసగా చుట్టి రావలెను. పొగ వాసన, సన్నని పొగ తీగ, అకారణముగా నల్లబడుచున్న ఆకు – ఇవి గుర్తులు. అనుమానము కలిగిన చోట వ్రేళ్ళ వెనుక భాగమును నేలకు దగ్గరగా పెట్టి వేడి చూడవలెను. వేడి యున్నచో త్రవ్వి నీరు పోయవలెను. అతని వద్ద ఒక పార, నీరు నింపిన స్ప్రేయరు, చార్జింగు ఉన్న ఫోను ఉండవలెను. దుంగలు పోయిన తరువాత కూడ తొలకరి పడు వరకు దినమున కొకసారి తోటను చూచి వచ్చుట మంచిది.

తుమ్మ కలపను బొగ్గు కాల్చువారికి ఈ మాట ఇంకను ముఖ్యము. బట్టీ నుండి తీసిన బొగ్గు చల్లారినట్లు కనబడియు మరల రాజుకొనును. తీసిన బొగ్గును నీరు చల్లి, చెక్కిన నేలపై ఒక దినము ఆరుబయట ఉంచి, చేతికి చల్లగా తగిలిన తరువాతనే సంచులకు ఎత్తవలెను.

మంట పుట్టినచో

మొదట మనుష్యులను లెక్కపెట్టవలెను. గుడిసెలలోని పిల్లలను, వృద్ధులను గాలికి ఎదురు దిక్కున చెక్కిన నేలకు గాని, దున్నిన పొలమునకు గాని చేర్చవలెను. ఒకరు 101కు ఫోను చేయవలెను. అడవి దగ్గరైనచో అటవీ సిబ్బందికి కూడ తెలుపవలెను. ఒకరు దారి మొగ వద్ద నిలిచి బండికి దారి చూపవలెను. తరువాతనే ఆర్పుట మొదలుపెట్టవలెను.

మంట మనిషి రొమ్ము ఎత్తునకు లోబడి యున్నచో నీటితోను, ఇసుకతోను, తడి గోనెలతోను నేరుగా ఆర్పవచ్చును. కొట్టునప్పుడు గోనెను పైకెత్తి విసరరాదు. రవ్వలు ఎగిరి వెనుకవైపు పడును. మంటపై వేసి అదిమి పట్టవలెను. మంట పుట్టిన చోటి నుండి, అనగా అప్పటికే కాలిన వెనుక భాగము నుండి మొదలిడి రెండు ప్రక్కల మీదుగా ముఖము వైపునకు సాగవలెను. రొమ్ము ఎత్తు మించిన మంటను ఎదుర్కొనరాదు. వెనుకకు వచ్చి, గాలి పోవు దిక్కున ముందుగా నున్న బాటను వెడల్పు చేసి అక్కడ కాచుకొనవలెను. ఎదురు మంట పెట్టి ఆర్పు పద్ధతి అనుభవము గల సిబ్బందికే తగినది. తెలియనివారు పెట్టినచో ఒక మంట రెండు మంటలగును.

వాలు నేలలో మంట ఎగువకు పరుగెత్తును. వాలు 10 డిగ్రీలు పెరిగిన కొలది దాని వేగము సుమారు రెట్టింపగునని లెక్క. కావున మంటకు ఎగువన ఎన్నడును నిలువరాదు. నూలు బట్టలే ధరింపవలెను. నైలాను, పాలిస్టరు బట్టలు సెగకు కరగి ఒంటికి అంటుకొనును. తప్పించుకొను దారి ఏదో ప్రతి ఒక్కరు ముందే చూచి ఉంచుకొనవలెను. వేరే దారి లేనప్పుడు కాలి చల్లారిన నల్లని నేలయే రక్ష. బట్టలకు నిప్పంటినచో పరుగెత్తక నేలపై దొర్లవలెను. కాలిన గాయముపై చల్లని శుభ్రమైన నీటిని ఇరువది నిముషములు పోసి, శుభ్రమైన గుడ్డ కప్పి, 108కి ఫోను చేయవలెను. సిరా, పేస్టు, పసరు పూయరాదు.

మంట ఆరిన తరువాత అంచు పొడవున మట్టి కనబడు వరకు గీత చెక్కి, రాజుచున్న మొద్దులను పగులగొట్టి తడిపి, ఒక రాత్రి, ఒక పగలు కావలి యుండవలెను. ఆరినదనుకొని ఇంటికి పోయిన మంటయే రెండవసారి పెద్దదగును.

అడవి అంచున గల తోటలు

అడవిని ఆనుకొని యున్న తోటల వారికి బాధ్యత రెట్టింపు. మన ఆకురాల్చు అడవులలో వేసవికి నేలంతయు ఎండుటాకుతో నిండి యుండును. 2014 మార్చిలో శేషాచలం కొండల అడవి అంటుకొనినప్పుడు ఆర్పుటకు వైమానిక దళపు హెలికాప్టర్లను కూడ రప్పింపవలసి వచ్చెను. భారత అటవీ సర్వే సంస్థ 2004 నుండి ఉపగ్రహముల సాయముతో మంటలను గుర్తించి హెచ్చరికలు పంపుచున్నది. కాని ఉపగ్రహము ఒక చోటిపై నుండి దినమునకు కొన్ని పర్యాయములే పోవును. అంతలో చిన్న మంట పెద్దది కావచ్చును. తోటలో నున్న మనిషి కన్నే మొదటి హెచ్చరిక.

చట్టము కూడ ఈ విషయమున స్పష్టముగా నున్నది. రెండు తెలుగు రాష్ట్రములలో అమలులో నున్న 1967 నాటి అటవీ చట్టము ప్రకారము రిజర్వు అడవికి నిప్పు పెట్టుట, అడవికి ముప్పు కలుగునట్లు నిప్పు రాజేసి వదలుట నేరములు. 1927 నాటి భారత అటవీ చట్టపు 79వ సెక్షను, అడవి నుండి కలప కొట్టుకొనుటకు గాని పశువులను మేపుకొనుటకు గాని అనుమతి పొందినవారును, వారి పనివారును అడవిలో మంట సంగతి తెలిసిన వెంటనే ఆర్పుటకు పూనుకొనవలెనని, సమీపపు నిప్పు అడవికి ప్రాకకుండ అడ్డుకొనవలెనని విధించుచున్నది. అడవి వలన లాభము పొందువాడు దానికి కావలి కూడ కావలెనను న్యాయమే దీనికి మూలము. ఇక మన సొంత భూమిలోనైనను నిర్లక్ష్యముతో నిప్పు వాడి ఇతరుల ప్రాణములకు ముప్పు తెచ్చుట 2024 జులై నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 287వ సెక్షను క్రింద నేరము.

సారాంశము

కోతకు ముందు: నిప్పు కావలికి ఒక మనిషి పేరు, ఒప్పందపు కాగితము, 4 మీటర్ల బాట, రెండు పీపాల నీరు, విడిగా ఉంచిన పనిముట్లు, ఖాళీ దారి.

కోతలో: వంటకు చెక్కిన చోటు, బీడీకి ఇసుక డబ్బా, చల్లారిన రంపములో పెట్రోలు, మొదళ్ళపై కొమ్మలు లేకుండుట, పగలు 11 నుండి 4 వరకు యంత్రములకు విరామము.

కోత తరువాత: రెండు గంటల తిరుగుడు కావలి, మంట జరిగినచో ఒక రాత్రి, ఒక పగలు.

ఈ పనులన్నిటికి అగు ఖర్చు ఒక మనిషి కూలి, రెండు పీపాలు, ఒక పూట ట్రాక్టరు దున్నకము. ఒక ఎకరము తోటకు వచ్చు ధరతో దీనిని పోల్చి చూచుకొనవచ్చును. సాయంత్రము కూలీలు పనిముట్లు కడిగి బయలుదేరునప్పుడు, రైతు గాని గుత్తదారు గాని ఒక్క ప్రశ్న అడిగి కదలవలెను: “ఈ రాత్రి కావలి ఎవరు?” ఒక పేరు జవాబుగా వచ్చినచో ఆ తోటకు కొంత రక్షణ యున్నట్లే. పేరు రానిచో అడిగినవారే నిలువవలెను.